లైనక్స్ వేసి వెళ్లిపోతే సరిపోదు, బ్రౌజర్ సంగతి కూడా చూడండి

పర్లాకిమిడిలో ఆన్‌లైన్ సెంటర్లకి కంప్యూటర్లు బాగుచేసే మన కుర్రాళ్లకి ఒక మాట. "అన్నా, ఇది లైనక్స్, వైరస్ రాదు, ఇంక టెన్షన్ లేదు" అని ఓనరుకి చెప్పి వెళ్లిపోవడం ఇకనైనా మానండి.

మూలన పడ్డ మెషీన్‌ని విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో మళ్లీ నడిపించడం మంచి పనే. కానీ ఆ సెంటర్‌కి వచ్చేదెవరు? కాశీనగర్ వైపు ఊళ్ల నుంచి స్కాలర్‌షిప్ ఫారం నింపుకోడానికి పిల్లలు, పింఛను పనిమీద ముసలివాళ్లు. వాళ్ల ఆధార్, బ్యాంకు ఖాతా, ఓటీపీ అన్నీ ఆ ఒక్క బ్రౌజర్‌లోంచే పోతాయి. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ రకం బొమ్మలు చూపించడానికి బ్రౌజర్లు వాడుకునే లైబ్రరీలో, అంటే ఉమ్మడి కోడ్‌లో, లోపం బయటపడింది. కావాలని తయారుచేసిన బొమ్మ ఉన్న పేజీ తెరిస్తే చాలు, దాడికి దారి దొరికేది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ హడావిడిగా అప్‌డేట్ ఇచ్చాయి, లైనక్స్‌కి కూడా. ఆ లైబ్రరీ అక్కడా ఉంది మరి.

అసలు చిక్కు ఇక్కడుంది. విండోస్‌లో క్రోమ్ తనంతట తనే అప్‌డేట్ అవుతుంది. లైనక్స్‌లోనే ఒక రకమైన ఉబుంటులో అలా కాదు. డెబ్ ఫైల్‌తో (ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసే ఫైల్) క్రోమ్ వేస్తే గూగుల్ రిపోజిటరీ, అంటే కొత్త వెర్షన్లు దొరికే చోటు, కూడా చేరుతుంది, నిజమే. కానీ ఉబుంటు వాటంతటవే పడేలా పెట్టిన అప్‌డేట్లు దాని సొంత ప్యాకేజీలకే, క్రోమ్‌ని ముట్టుకోవు. సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్ అడిగినప్పుడు ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. సెంటర్‌లో క్యూ ఉంటే ఎవరొప్పుకుంటారు? "రిమైండ్ మీ లేటర్" నొక్కేస్తారు, రోజూ అదే.

ఫైర్‌ఫాక్స్ కథ వేరు. 22.04 వెర్షన్ నుంచి ఉబుంటులో అది స్నాప్‌గానే (తనంతట తనే అప్‌డేట్ అయ్యే ప్యాకేజీ) వస్తోంది, రోజుకి నాలుగుసార్లు కొత్తది ఉందేమో చూసుకుంటుంది. అయితే బ్రౌజర్ తెరిచి ఉంటే ఆగుతుంది, మూసేయమని నోటీసు చూపిస్తుంది. సెంటర్‌లో ట్యాబులు పోతాయని పొద్దున్నించి రాత్రిదాకా మూయరు, రాత్రి సస్పెండ్‌లో పెట్టి షట్టర్ దించేస్తారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. సెట్టింగ్స్‌లో పాత ట్యాబులు మళ్లీ తెరుచుకునే ఆప్షన్ ఉందని వాళ్లకి ఒక్కరూ చెప్పలేదు!

డబ్బు తీసుకున్నాక ఇంకో పది నిమిషాలు కూర్చోండి. ఆ ఆప్షన్ పెట్టండి. అబౌట్ పేజీ తెరిచి వెర్షన్ ఎక్కడ కనిపిస్తుందో ఓనరుకి చూపించండి, షట్టర్ దించేముందు బ్రౌజర్ మూయమనండి. 32 బిట్ (పాతరకం ప్రాసెసర్) మెషీన్ అయితే, లైనక్స్‌లో దానికి క్రోమ్ 2016లోనే ఆగిపోయింది. అలాంటిదాన్ని టైపింగ్‌కి, ప్రింట్లకి వాడుకోమనండి, బ్యాంకు పనులు దానిమీద వద్దని మొహమాటం లేకుండా చెప్పండి.