దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో

హన్మకొండలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ లోకానికి నీతి చెప్పే అర్హత నాకు కాక ఇంకెవరికి ఉంటుంది? ఒకరి నెత్తి మీది బాధ్యతను కాగితం మీదుగా ఇంకొకరి నెత్తి మీదికి దించడమే కదా నా వృత్తి.

పోయిన నెల మా అక్క కొడుకు టెన్షన్‌గా వచ్చాడు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. సెలవుల్లో ఒక ప్రోగ్రామ్ రాశాడు. ఎకరాలు, గుంటలు ఇస్తే గజాలు చెబుతుంది. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, ఇంతవరకు మా తాత నోటిలెక్కకే వచ్చేది. వీడిది ఇంకో అడుగు ముందుకేసి, సర్వే నంబరు కొలతలు ఇస్తే రోడ్లు తీసేసి ప్లాట్లు కూడా కోసిపెడుతుంది. దాన్ని ఓపెన్ సోర్స్ అని, ఎవరైనా లోపల చూసి వాడుకునేట్టు లోకానికి వదిలేశాడు.

“మామా, నా ప్రోగ్రామ్‌తోటి చెరువు శిఖంల ప్లాట్లు కొట్టిన్రు. బ్రోచర్ల నాకు థ్యాంక్స్ గూడ చెప్పిన్రు. నిద్ర పడ్తలేదు.”

శిఖమంటే చెరువు నిండితే నీళ్ల కింద ఉండే నేల. ముందు ఏ కాగితం మీద ఇచ్చావో చూపించమన్నాను. ఎంఐటీ లైసెన్సట. చదివించుకుని అర్థం చెప్పించుకున్నాక నాకు కళ్లు చెమర్చాయి. వాడుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, కలుపుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మేం తరతరాలుగా రాసే ‘దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించగలరు’ అన్న ముక్కే ఇది, ఇంగ్లీషులో. ఇక కింది పేరా అంతా పెద్దక్షరాలు: సరుకు ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, ఏం జరిగినా మాకు సంబంధం లేదు. ఇంత నిర్మొహమాటంగా చేతులు కడుక్కునే వాక్యం కోసం నేను ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నాను.

“ఇప్పుడు దీనికి వాడకం పాలసీ ఒకటి రాసియ్యి మామా” అన్నాడు.

ఇక్కడే చిక్కు. సర్వహక్కులూ రాసిచ్చి, ఇందులో బంతిపూలే వేయాలె, మిర్చి వేయొద్దు అంటే భూమి విషయంలో చెల్లదు. పూర్తిగా ఇచ్చేశాక ఎలా అనుభవించాలో చెప్పే షరతు లేనట్టే లెక్క అని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 11వ సెక్షన్ చెబుతుంది. సాఫ్ట్‌వేర్ భూమి కాదు, లైసెన్సులో షరతు పెట్టుకోవచ్చు. పెట్టాక మాత్రం దాన్ని ఓపెన్ సోర్స్ అనరట. 1998లో పుట్టిన ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ వాళ్ల పది సూత్రాల్లో ఆరోది అదే: ఏ పనికి వాడుతున్నారో చూసి అడ్డుపెట్టరాదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన స్టాల్‌మన్ గారి వాళ్లు కూడా ఏ పనికైనా నడుపుకునే స్వేచ్ఛనే అన్నిటికంటే ముందు పెట్టారు. ముందు అంటే వాళ్ల లెక్కలో సున్నా నంబరు. సున్నా దగ్గర లెక్క మొదలుపెట్టేవాళ్లకు నేనైతే గుంట భూమి కూడా కొలవనివ్వను.

అయినా పాలసీ రాశాను. రాయడమే నా పని, చెల్లడం కాదు. ‘ఈ ప్రోగ్రామును చెరువు శిఖములందు, కుంటలయందు, నాలాలపైన ప్లాట్లు చేయుటకు వాడరాదు.’ మా అక్క విని “బతుకమ్మ ఆడే కట్ట గూడ రాయి తమ్మీ” అంది. చేర్చాను. బావ తన పాలివాళ్లెవరూ వాడరాదని రాయమన్నాడు. సాయంత్రానికి ప్రోగ్రామ్ కంటే పాలసీ పొడుగైంది.

మర్నాడే వెంచర్ ఆయన ఫోన్ చేశాడు. చాలా మర్యాదస్తుడు. “శిఖం అని రాసిన్రు సార్. వానాకాలం శిఖమా, ఎండాకాలం శిఖమా? ఎండాకాలం ఆడ పిల్లలు క్రికెట్ ఆడుతరు.” నా దగ్గర జవాబు లేదు. 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు నీళ్లు ఈ ప్రశ్న అడక్కుండానే ఇళ్లలోకి వచ్చాయి కానీ, నీళ్లకు న్యాయశాస్త్రం తెలియదు.

ఈ తలనొప్పి మా అల్లుడితో మొదలైంది కాదు. ప్రోగ్రాములు ఒకదానికొకటి సమాచారం అందించుకునే జేసన్ అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ఇదే ఎంఐటీ కాగితానికి ఒక్క వాక్యం చేర్చాడు: మంచికే వాడాలి, చెడుకు వాడరాదు. దాంతో ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆ లైసెన్సును వెలివేశారు. ఒక పెద్ద కంపెనీ లాయర్లయితే, మేం చెడ్డపనికి వాడం గానీ మా కస్టమర్లకు హామీ ఉండలేమంటూ ప్రత్యేక అనుమతి అడిగారట. ఆయన ఇచ్చాడు: మీరు, మీ కస్టమర్లు, భాగస్వాములు, అనుచరులు దీన్ని నిక్షేపంగా చెడుకు వాడుకోండి అని. ఆ సంగతి ఆయనే సభలో చెప్పుకున్నాడు. వృత్తిరీత్యా ఇంత చక్కని దస్తావేజు నేను చూడలేదు.

కాగితం మీద నమ్మకం పోయినవాళ్లూ ఉన్నారు. 2022 మార్చిలో నోడ్ ఐపీసీ అని, వేరే ప్రోగ్రాములు తమలో కలుపుకునే ఒక ప్యాకేజీని నడిపేవాడు యుద్ధానికి నిరసనగా, రష్యా, బెలారస్ అడ్రసు కనబడితే ఫైళ్లు పాడుచేసే ముక్క అందులో పెట్టాడు. ఇల్లు రాసిచ్చి, ఒక తాళంచెవి జేబులో దాచుకుని రాత్రిపూట రావడమన్నమాట. మా చెట్టు కింద దీన్ని నైతిక బాధ్యత అనరు, వేరే పేరుంది.

అల్లుడికి ధైర్యం చెప్పడానికి మన గణపతిదేవుణ్ని పిలిచాను. 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. ఓడ మునిగి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పాత రాజులు మొత్తం గుంజుకునేవాళ్లు; నేను గుంజుకోను, కట్టాల్సిన సుంకమే తీసుకుంటానని దాని సారాంశం. చూడు, పాలసీ అంటే అట్లా ఉండాలి అన్నాను.

“గది వేరే కద మామా. రాజు ఎదుటోళ్లకు షరతు పెట్టలే, తన చేతులు తనే కట్టేసుకున్నడు.”

చదువుకున్న పిల్లలతో ఇదే ఇబ్బంది. నేను చెప్పింది రాతి మీద చెక్కిస్తే గట్టిగా ఉంటుందని.

ఆ రాత్రే వెంచర్ ఆయన నుంచి మళ్లీ మెసేజ్. మూలన మూడు కోణాల ముక్క దగ్గర ప్రోగ్రామ్ తప్పు లెక్క చూపిస్తోందట. మావాడు పదకొండింటి దాకా కూచుని సరిచేసి పంపాడు. అదేమిట్రా అంటే, “బగ్ వేరే, పాలసీ వేరే మామా. మనోన్ని నమ్ముకుని అడిగినంక చెయ్యకుంటే బాగుండది.” పాలసీ పెట్టాక వాడికి నిద్ర బాగా పడుతోందని అక్క చెప్పింది.

మొన్న సోమవారం పరకాల నుంచి భార్యాభర్తలు వచ్చి స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాయమన్నారు. ఆ మూడు కోణాల ముక్కే, అదే వెంచర్‌ది. తూర్పు హద్దు 30 అడుగుల రోడ్డు. పడమర ఏముందని అడిగితే వెంచర్ కుర్రాడు నావైపు చూశాడు. ‘పడమర: ఖాళీ స్థలము’ అని రాశాను. ఐదొందలు తీసుకుని, అడుగున ‘వ్రాసినవాడను మాత్రమే, లోపలి విషయములతో సంబంధము లేదు’ అని చేర్చాను. తెలుగులో పెద్దక్షరాలు లేవు కాబట్టి కింద గీత గీశాను.