ఆప్టికల్ మాడ్యూల్: అసలు ఖర్చు మార్పిడి దగ్గరే

డేటా పంపేటప్పుడు విద్యుత్ సంకేతాన్ని కాంతిగా, కాంతిని మళ్లీ విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పరికరమే ఆప్టికల్ మాడ్యూల్. దాని గొప్పతనమంతా కాంతి వేగంలోనే ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి గాజు ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. మంచి రాగి కేబుల్‌లో విద్యుత్ సంకేతమూ ఇంచుమించు అంతే వేగంతో పోతుంది. తేడా నష్టంలో ఉంది. 1550 నానోమీటర్ల కాంతి సింగిల్ మోడ్ ఫైబర్‌లో దాదాపు 15 కిలోమీటర్లు వెళ్లాక గానీ సగానికి తగ్గదు. అదే ఒక జత రాగి తీగల మీద సెకనుకు 100 గిగాబిట్లు పంపితే, రెండు మూడు మీటర్లు దాటేసరికి సంకేతాన్ని పోల్చుకోవడమే కష్టమవుతుంది.

కాంతితోనే డేటాను ప్రాసెస్ చేస్తున్నారన్న ప్రచారం కూడా ఈ మాడ్యూళ్ల విషయంలో అతిశయోక్తే. ఇక్కడ కాంతి పని మోయడం వరకే. నెట్‌వర్క్‌లో డేటాను సరైన దారికి పంపే స్విచ్ నుంచి వచ్చిన విద్యుత్ సంకేతాన్ని డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్) చిప్ సరిదిద్దితే, దానికి తగ్గట్టు మాడ్యులేటర్ లేజర్ కాంతి తీవ్రతను మారుస్తుంది. అవతలి కొసన ఫోటోడయోడ్ ఆ కాంతిని మళ్లీ బలహీనమైన కరెంటుగా మారుస్తుంది, దాన్ని యాంప్లిఫయర్ పెంచుతుంది.

చిక్కంతా ఆ తీవ్రతల్లోనే ఉంది. ఒకప్పుడు వెలుగు ఎక్కువా తక్కువా అన్న రెండు స్థాయిలే ఉండేవి. ఇప్పటి పామ్-4 పద్ధతిలో నాలుగు స్థాయిలు ఉంటాయి కాబట్టి ఒక్కో కాంతి స్పందన (పల్స్) రెండు బిట్లను మోస్తుంది, కానీ స్థాయిల మధ్య ఎడం మూడో వంతుకు కుదించుకుపోతుంది. సెకనుకు 5,300 కోట్ల స్పందనలు వచ్చిపడే చోట కొంచెం నాయిస్ చేరినా ఒక స్థాయి మరొకటిగా కనిపిస్తుంది. అందుకే దాదాపు 4 వేల బిట్లకు ఒకటి తప్పుతుందని ముందే ఒప్పుకుని, ప్రతి 514 గుర్తులకు (బిట్ల చిన్న కట్టలకు) మరో 30 అదనంగా జతచేసి తప్పులు దిద్దుతున్నారు. తప్పు లేకుండా పంపడం కన్నా తప్పును దిద్దుకోవడం చవకన్న ఈ లెక్క నాకు ఎంతో తెలివైనదిగా తోస్తుంది.

అయితే దీని మూల్యం వేడి రూపంలో కనిపిస్తుంది. 800 గిగాబిట్ల మాడ్యూల్ ఒక్కటే సుమారు 15 వాట్లు తీసుకుంటే, అందులో సగానికి అటూఇటూగా డీఎస్పీకే పోతుంది. దాన్ని తీసేసి ఆ బాధ్యతను స్విచ్ చిప్‌కే అప్పగించాలని కొందరు, ఆప్టికల్ భాగాలనే స్విచ్ చిప్ పక్కకు చేర్చాలని మరికొందరు వాదిస్తున్నారు. రెండో దారిలో విద్యుత్ సంకేతం నడవాల్సిన దూరమే తగ్గుతుంది కనుక పొదుపుకు గట్టి ఆధారం ఉంది. కానీ మాడ్యూల్ పాడైతే పీకి కొత్తది పెట్టుకునే వెసులుబాటు పోతుంది. ఆ వెసులుబాటును కంపెనీలు అంత త్వరగా వదులుకుంటాయని నేను అనుకోను. ఎన్విడియా 2025 మార్చిలో ప్రకటించిన, ఆప్టికల్ భాగాలు చిప్ పక్కనే ఉండే స్విచ్‌లలో సైతం వేడికి తొందరగా దెబ్బతినే లేజర్‌ను చిప్ పక్కన పెట్టలేదు. విడిగా, బయటి నుంచి మార్చుకోగలిగేలా ఉంచారు.