ఎక్కడికీ పోనివాళ్లకు దారి వదలండి

సైకిలు ఎందుకు పుట్టిందన్న విషయంలో లోకంలో చాలా అపోహలున్నాయి. పాలవాడు, పేపరబ్బాయి, పోస్ట్‌మాన్, బడికి పోయే పిల్లలు ఇంతకాలం సైకిలంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే వాహనమని పొరబడుతూ వచ్చారు. ఈ మూఢనమ్మకాన్ని వదిలించిన ఘనత ఇంగ్లండ్‌లో, లండన్‌కు నైరుతిగా ఉన్న సర్రే కౌంటీది. అక్కడ ఆదివారం పొద్దున్నే సైకిలెక్కిన మనిషి ఎక్కడికీ వెళ్లడు. రిప్లీ అనే ఊళ్లో బయలుదేరి, వంద కిలోమీటర్లు తొక్కి, ఒళ్లు హూనం చేసుకుని, తిరిగి రిప్లీలోనే దిగుతాడు. దిగినవాడు సిగ్గుపడడు సరికదా, 'ఇవాళ రైడ్ అదిరింది' అంటాడు.

దీన్ని ఊరక తిరగడం అనుకునేవారి అజ్ఞానాన్ని క్షమిద్దాం. ఇది ప్రదక్షిణ. అనుమానమున్నవాళ్లు 2012 లండన్ ఒలింపిక్స్ చూడండి. మగవాళ్ల రోడ్డు రేసు 250 కిలోమీటర్లు. అందులో డోర్కింగ్ పక్కనున్న బాక్స్ హిల్ అనే గుట్టను ఎక్కి దిగడం ఎన్నిసార్లు? సరిగ్గా తొమ్మిది. నవగ్రహాల చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో మన పంతులుగారు చెప్పే లెక్కే. పైగా ఆ రోజు, జూలై 28, శనివారం. ఇంత నిష్ఠగా చేసినా ఫలం దక్కలేదు. దేశమంతా బ్రిటన్ రైడర్ మార్క్ కావెండిష్ మీద ఆశలు పెట్టుకుంటే బంగారు పతకం కజకిస్తాన్‌కు చెందిన వినోకురోవ్ మెడలో పడింది. మర్నాడు ఆడవాళ్లకు 140 కిలోమీటర్లు, రెండంటే రెండే చుట్లు. ఆ వానలో లిజీ ఆర్మిట్‌స్టెడ్ రజతం తెచ్చింది. ఆ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు దక్కిన మొదటి పతకం అదే. తొమ్మిది చుట్లకు రానిది రెండు చుట్లకే వచ్చింది కదా, ఆడవాళ్లకు ఇంకో ఏడు ఇచ్చి చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు.

అప్పటి నుంచి బాక్స్ హిల్ మీది జిగ్‌జాగ్ రోడ్డుకు సెలవన్నది లేదు. నిజానికి అది పెద్ద కొండేమీ కాదు. రెండున్నర కిలోమీటర్ల ఎక్కుడు, సగటున 5 శాతం వాలు. పైన నేషనల్ ట్రస్ట్ వారి కేఫ్ ఉంది. అక్కడ కాసేపు నిలబడితే చాలు, నాగరికత అంటే ఏమిటో తెలుస్తుంది. అడుగున పెడల్‌కు బిగించే బిళ్లలున్న బూట్లతో టకటకమంటూ, మడమల మీద నడుస్తూ, యాభై ఏళ్ల బ్యాంకు మేనేజర్లు లెమన్ కేక్ కోసం లైన్లో నిలబడి ఉంటారు. ఒకాయన చేతిలో ట్రే, ఇంకో చేతిలో ఫోను. సైకిళ్లవాళ్ల టైములు లెక్కగట్టే స్ట్రావా అనే యాప్‌లో తన టైము చూసుకుంటున్నాడు. పోయిన వారం కన్నా నాలుగు సెకన్లు ఎక్కువ పట్టింది. ఆయన ముఖం చూస్తే ఎవరైనా పోయారేమో, పలకరించాలేమో అనిపిస్తుంది.

ఆ గుట్ట మీదే పీటర్ లాబిలియేర్ అనే మేజర్‌గారి సమాధి కూడా ఉంది. ఈ లోకం తలకిందులైంది గనుక తనను తలకిందులుగా పాతిపెడితే చివరికి తానొక్కడే సరిగ్గా నిలబడి ఉంటానని ఆయన కోరుకున్నారు. 1800లో అలాగే పాతిపెట్టారు. సైకిళ్లవాళ్లు అక్కడ ఆగరు. ఆగితే సగటు వేగం పడిపోతుంది.

ఇక రూటు గీయడం. ఇది ఆషామాషీ విద్య కాదు. డోర్కింగ్ నుంచి గిల్డ్‌ఫర్డ్ పోవడానికి ఏ25 అనే శుభ్రమైన రోడ్డుంది. తెలివైన రూటుకర్త దాన్ని ముట్టుకోడు. ముందు లీత్ హిల్ ఎక్కిస్తాడు. దిగీ దిగగానే హోంబరీ హిల్, అక్కడ ఊపిరి తీసుకునేలోపు పిచ్ హిల్. కాళ్లలో ఇంకా ప్రాణం మిగిలిందని అనుమానమొస్తే బార్‌హ్యాచ్ లేన్ చూపిస్తాడు. కొండ పక్కనుంచి పోయే దారి ఉండగా కొండ మీదుగానే ఎందుకని అడిగినవాణ్ణి గ్రూపులో మళ్లీ పిలవరు. లీత్ హిల్ ఎత్తు 294 మీటర్లు, అంటే వెయ్యి అడుగులకు కాస్త తక్కువ. ఆ వెలితి ఎవరు తీర్చాలి? రిచర్డ్ హల్ అనే పెద్దమనిషి 1765లో శిఖరం మీద ఒక బురుజు కట్టించాడు, దాని కొన వెయ్యి దాటింది. చనిపోయాక ఆయన్ని దాని కిందే పాతిపెట్టారు. ఉన్న కొండ చాలక ఇంకొంచెం ఎత్తు కట్టుకునే జాతికి చదును రోడ్డు రుచిస్తుందా చెప్పండి.

ఈ కొండల మధ్య దారులు వందల ఏళ్ల బళ్ల రాకపోకలకు, వానలకు కోసుకుపోయి కాలవల్లా దిగిపోయాయి. రెండు పక్కలా నిలువెత్తు గట్లు, గట్ల మీంచి వేలాడే చెట్ల వేళ్లు, ఆ పైన కంచెపొదలు. చాలాచోట్ల ఒక కారు పడితే గొప్ప. ఇలాంటి దారిలో, బోర్డు ఏమీ లేకపోతే, చట్టం అనుమతించే వేగం గంటకు 60 మైళ్లు, అంటే 96 కిలోమీటర్లు! 2022లో ప్రభుత్వం వారి రోడ్డు నియమావళి, హైవే కోడ్, ఇంకో దయ కూడా చూపించింది. సైకిలును దాటే కారు కనీసం 1.5 మీటర్ల ఎడం ఇవ్వాలని హితవు చెప్పింది. గుర్రాన్ని దాటేటప్పుడైతే 2 మీటర్లు. మనిషికీ గుర్రానికీ తేడా అర మీటరని ఇంత కచ్చితంగా కొలిచి చెప్పిన ప్రభుత్వం ఇంకెక్కడుంది? ఆ ఎడం ఇవ్వడానికి అసలు దారి అంత వెడల్పుండాలి కదా అన్నది వేరే శాఖకు సంబంధించిన ప్రశ్న. కాబట్టి ముందు గుర్రం, దాని వెనక పన్నెండు మంది సైకిళ్లవాళ్లు, వాళ్ల వెనక ట్రాక్టరు, ఆ వెనక పెళ్లికి లేటవుతోందని టెన్షన్ పడుతున్న కుటుంబం. అందరూ ఒకరికొకరు మర్యాదగా చెయ్యి ఊపుతుంటారు. మనసులో అనుకునేవి అచ్చులో వేయలేం.

ఊళ్లవాళ్ల ఓర్పుకూ ఒక హద్దుంటుంది. 2013 నుంచి 2019 దాకా ఏటా ఒక ఆదివారం రోడ్లు మూసి, లండన్ నుంచి వేలమందిని వంద మైళ్లు ఈ కొండల్లో తిప్పారు. ఇళ్లలోంచి కారు బయటికి తీయలేక జనం గొణిగారు. 2022 నాటికి ఆ ఊరేగింపు లండన్‌కు ఈశాన్యంగా ఉన్న ఎసెక్స్ కౌంటీ పాలైంది. సర్రేవాసుల పీడ విరగడైందా అంటే లేదు. ఏడాదికి ఒక ఆదివారం పోయి, మిగతా ఆదివారాలన్నీ అలాగే ఉండిపోయాయి.

ఈ తగువు ఇప్పటిది కాదు. విక్టోరియా రాణి కాలంలోనే లండన్ సైకిళ్లవాళ్లు పోర్ట్స్‌మత్ రోడ్డు పట్టుకుని రిప్లీలోని యాంకర్ సత్రం దాకా వచ్చి, తిని, తాగి, వెనక్కి పోయేవాళ్లు. రిప్లీ పక్కనే ఓకమ్ అనే ఊళ్లో హాట్‌బాయ్ హోటల్ ఉండేది. 1898 అక్టోబరులో లేడీ హార్బర్టన్ సైకిలు మీద అక్కడికి వచ్చింది. గౌనుకు బదులు వదులు పంట్లాం తొడుక్కుంది, గౌను చక్రంలో పడితే ప్రాణం పోతుంది కాబట్టి. ఆ వేషంలో కాఫీ గదిలోకి రానివ్వనని, కావాలంటే మగవాళ్లు తాగే బార్ పక్క గదిలో తినమని యజమానురాలు తేల్చిచెప్పింది. సైక్లిస్టుల సంఘం కోర్టుకెక్కింది. 1899లో జ్యూరీ హోటల్ పక్షానే నిలబడింది. ఇవాళ ఆ చుట్టుపక్కల ఏ కేఫ్‌లోనైనా ఒంటికి అంటుకుపోయిన లైక్రాలో, దాచవలసినవేవీ దాచకుండా, మగ మహారాజులు కాళ్లు చాపుకుని కూర్చుంటున్నారు. ఒళ్లంతా కప్పుకున్న ఆమె కేసు ఓడిపోయింది.

మన తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు కూడా ఈ దీక్ష పుచ్చుకుంటున్నారు. కారుకు పెట్టవలసిన డబ్బు సైకిలుకు పెట్టి, వీడియో కాల్‌లో గుంటూరులోని తల్లికి చూపిస్తారు.

"పొద్దున్నుంచి ఫోనెత్తలేదు, ఎక్కడికెళ్లావురా?"

"ఎక్కడికీ లేదమ్మా. వంద కిలోమీటర్లు సైకిలు తొక్కా."

"అయ్యో, కారు పాడైందా నాన్నా? డబ్బులేమైనా పంపమంటావా?"

ఇందులో తల్లి తప్పేం లేదు. ఆమె పాతకాలపు మనిషి, పనుంటేనే మనిషి కదులుతాడనుకుంటుంది. లండన్‌లో భోజనం పొట్లాలు వీపున మోసుకుంటూ వానలో సైకిలు తొక్కే కుర్రాడిదీ అదే అజ్ఞానం. అందుకే ఆ సైకిలు న్యూసెన్స్, కొండ మీది సైకిలు స్పోర్ట్. ఏ కొరియరూ 'ఇవాళ ఎక్కుడు బాగా కుదిరింది' అని ఫోటో పెట్టడు.

ఆ పల్లెల్లో కారు నడపలేని ముసలమ్మలు కూడా ఉన్నారు. ఇంగ్లండ్ పల్లెల్లో చాలాచోట్ల బస్సులు తగ్గిపోయాయి, ఆదివారం సంగతి అడగనక్కర్లేదు. ఊరి మీదుగా పోయే సైకిలు రూట్లు డజను, గిల్డ్‌ఫర్డ్ ఆసుపత్రికి పోయే బస్సు మాత్రం దైవాధీనం. తప్పు ఆ ముసలమ్మలదే. ఆసుపత్రికి, బజారుకు బస్సు కావాలని అర్జీ పెడితే డబ్బు ఎవరు మంజూరు చేస్తారు? ఊళ్లో బయలుదేరి, లీత్ హిల్ ఎక్కి, కేఫ్ దగ్గర అరగంట ఆగి, ఎక్కడా ఎవరినీ దించకుండా తిరిగి ఊళ్లోకే వచ్చే బస్సు కావాలని రాయమనండి. అందులో ఎక్కేవాళ్లంతా లైక్రా వేసుకుంటామని కింద సంతకం పెట్టమనండి. రాబోయే బడ్జెట్‌లోనే వస్తుంది.