అమ్మకు ఊపిరి పాఠం, వీడియో కాల్‌లో

నెల్లూరులోనో ఒంగోలులోనో పెద్దవాళ్లు పొద్దున్నే ఫోన్ తెరిస్తే, దూరాన ఉన్న పిల్లలు పంపిన ప్రాణాయామం వీడియోలు రెండు మూడైనా కనబడతాయి. పంపి చేతులు దులుపుకుంటే లాభం లేదు. వీడియో కాల్‌లో పది నిమిషాలు కూర్చుని నేర్పితేనే అది ఒంటికి పడుతుంది. "ఊపిరి పీల్చేదానికి కూడా పాఠమా నాయనా!" అని నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఆ వీడియోల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: గట్టిగా పీలిస్తే రక్తంలో ఆక్సిజన్ పెరిగిపోతుందని. ఊపిరితిత్తులు బాగున్న మనిషి వేలికి ఆక్సీమీటర్ తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ మామూలుగానే 95 నుంచి 100 శాతం మధ్య చూపిస్తుంది. ఇక పెరగడానికి చోటెక్కడిది? మేలంతా నిదానంలో ఉంది. ఒక్కో ఊపిరికి సుమారు అర లీటరు గాలి లోపలికి పోతుంది. అందులో 150 మిల్లీలీటర్ల దాకా ముక్కు, గొంతు, గాలిగొట్టాల్లోనే ఆగి, రక్తానికి అందకుండా వెనక్కొస్తుంది. నిమిషానికి 24 సార్లు పావు లీటరు చొప్పున పైపైన పీల్చినా, 12 సార్లు అర లీటరు చొప్పున పీల్చినా మొత్తం 6 లీటర్లే. కానీ పనికొచ్చే గాలి మొదటి లెక్కలో 2.4 లీటర్లు, రెండో లెక్కలో 4.2. అంత తేడా!

ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నరం గుండె వేగాన్ని కొంచెం తగ్గిస్తుంది. అందుకే పీల్చేదానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలి. పూరకానికి (పీల్చడానికి) రెట్టింపు రేచకం (వదలడం) అని ప్రాణాయామంలో చెప్పే లెక్క కూడా ఈ దారిదే.

ఇక నేర్పడం. ఫోన్ పక్కవైపు పెట్టించండి. మీకు అమ్మ ముఖం కంటే పొట్ట బాగా కనబడాలి. వెల్లకిలా పడుకుని, మోకాళ్ల కింద దిండు పెట్టుకుని, బొడ్డు మీద అరకిలో బియ్యం పొట్లం ఉంచుకోమనండి (మొలగొలుకులే కానక్కర్లేదు, ఏ బియ్యమైనా సరే). ఒక చెయ్యి ఛాతీ మీద ఉండాలి. ముక్కుతో పీలిస్తే పొట్లం మెల్లగా లేవాలి, వదిలితే దిగాలి, ఛాతీ మీది చెయ్యి దాదాపు కదలకూడదు. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా ఉండే డయాఫ్రం కండరం కిందికి దిగుతోందనడానికి అదే గుర్తు. మొదటి వారం 3 అంకెలు పీల్చి 4 అంకెలు వదలాలి. అలవాటయ్యాక అంకెకో సెకను చొప్పున 4 పీల్చి 6 వదిలితే నిమిషానికి 6 ఊపిర్లు అవుతాయి. పూటకు 5 నిమిషాలు, రోజుకు రెండు పూటలు చాలు. అన్నం తిన్న 2 గంటల దాకా వద్దు, నిండిన పొట్ట డయాఫ్రాన్ని దిగనివ్వదు.

ఎక్కువమంది చేసే తప్పు, పొట్టను కావాలని ఎగదోయడం. పొట్లం లేస్తుంది కానీ గాలి పోదు. రెండోది, ఉత్సాహం కొద్దీ గబగబా నిండా పీల్చడం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, మెదడు రక్తనాళాలు ముడుచుకుని తల తిరుగుతుంది. పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అప్పుడు ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోమనండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఊపిరి బిగబట్టే కుంభకం, ఊపిరిని గబగబా బయటికి తోసే కపాలభాతి మాత్రం నేర్పకండి. నిదానపు ఊపిరితో బీపీ కాస్త దిగవచ్చు, అంతమాత్రాన మాత్ర మానకూడదు. ఛాతీలో నొప్పో, ఉన్నట్టుండి ఆయాసమో వస్తే లెక్కపెడుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, మార్కాపురం పలకల పనిలో ఏళ్లు గడిపినవాళ్ల సంగతి వేరు. రాతిధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేసిన మచ్చ ఏ ప్రాణాయామంతోనూ పోదు. వాళ్లకు ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. ఇంకా పనిలో ఉంటే రాయిని నీళ్లతో తడిపి కోయడం, ధూళిని ఆపే మాస్కు తప్పనిసరి. మెట్లెక్కి ఆయాసపడినప్పుడు ముక్కుతో 2 అంకెలు పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి 4 అంకెలు వదిలితే కొంత తెరిపి. ఊదుగొట్టంతో పొయ్యి రాజేసేంత బలం వద్దు, కాఫీ చల్లార్చుకునేంత మెల్లగా చాలు.