కనుమలా, దారులా? ఒక అక్కా తమ్ముడి సైకిల్ వాదం

ఇద్దరూ రోడ్ బైకు పిచ్చివాళ్లే. పెట్టుకున్న ప్రశ్న ఒక్కటే: వారం రోజులు సెలవు దొరికితే, రోడ్డు మీద సైకిల్ తొక్కడానికి ప్రపంచంలో ఏ ప్రాంతం మేలు? తమ్ముడిది ఆల్ప్స్ పక్షం. అక్కది స్పెయిన్‌లోని మయోర్కా దీవి. తీర్పరిగా నన్ను కూర్చోబెట్టారు గానీ నాకు తీర్పులు చెప్పడం రాదు. ఉండబట్టలేని చోట బ్రాకెట్లో ఒక మాట అంటాను, అంతే.

తమ్ముడు: ఇందులో వాదించడానికి ఏముందక్కా? ఇటలీలో స్టెల్వియో కనుమ చాలదూ? ఎత్తు 2,757 మీటర్లు. ప్రాతో ఊరి వైపు నుంచి 24 కిలోమీటర్ల ఎక్కుడు, 48 హెయిర్‌పిన్ మలుపులు, మలుపు మలుపుకీ నంబరు. 1820లలో వేసిన దారి. గుర్రబ్బళ్ల కాలం నాటిది కాబట్టి ఎక్కడా పిచ్చి వాలు పెట్టలేదు. సగటున ఏడున్నర శాతం దగ్గర నిలకడగా పోతూనే ఉంటుంది. పైకి చేరి వెనక్కి చూస్తే నువ్వు తొక్కిన దారంతా కాళ్ల కింద మడతలు మడతలుగా కనిపిస్తుంది. మయోర్కాలో చూపించు అలాంటిది!

అక్క: బాగుంది. ఎక్కావు, ఫోటో దిగావు. తర్వాత?

తమ్ముడు: వచ్చిన దారినే దిగనక్కర్లేదు. పైనుంచి కాస్త దిగితే ఉంబ్రైల్ కనుమ. అక్కణ్ణుంచి స్విట్జర్లాండ్‌లోకి దిగి, లోయ చుట్టి మళ్లీ ప్రాతో చేరొచ్చు. ఆ దారిలో కొంత ముక్క చాలాకాలం మట్టిరోడ్డుగానే ఉండేది. 2015లో దానికీ తారు వేశారు. ఒక్కరోజులో రెండు దేశాలు.

అక్క: అది మొదటి రోజు. రెండో రోజు కాళ్లు బరువుగా ఉంటాయి కదా, అప్పుడు ఏం చేస్తావు? ఆల్ప్స్ లోయలు హిమానీనదాలు తొలిచినవి. అడుగున నది, దాని పక్కనే రైలు పట్టాలు, వాటి పక్కన ఒకే ఒక్క పెద్ద రోడ్డు. లారీలూ అందులోనే, నువ్వూ అందులోనే. అది వద్దనుకుంటే వెయ్యి మీటర్లు ఎక్కి అవతలి లోయలో పడాలి. తేలిగ్గా రెండు గంటలు తిరిగొద్దామన్నా దారుండదు. ఆల్ప్స్‌కి వెళ్లొచ్చినవాళ్లని అడుగు, నాలుగో రోజు ఏం చేశారో. సగం మంది గదిలో కాళ్లు చాపుకుని పడుకున్నారని చెబుతారు.

తమ్ముడు: పడుకుంటే తప్పేంటి? మూడు రోజుల్లో మూడు కనుమలు ఎక్కాక!

అక్క: తప్పు కాదురా, కానీ సెలవు వారం రోజులు. మయోర్కాలో వాయవ్యం అంచున త్రముంతానా కొండలు, మధ్యలో చదునైన నేల, దాని నిండా రాతిగోడల మధ్య నుంచి పోయే సన్నటి దారులు. ఓపికుంటే కొండ, లేకపోతే మైదానం. పొద్దున్న గడప దాటాక కూడా మనసు మార్చుకోవచ్చు. ఎదురుగాలి వీస్తుంటే వేరే మలుపు తీసుకుని ఇంకో ఊరి మీదుగా వచ్చేయొచ్చు. నా లెక్కలో ప్రాంతం విలువ దాని అతి పెద్ద ఎక్కుడులో లేదు, రెండో దారి ఎన్నిచోట్ల దొరుకుతుందన్న దాంట్లో ఉంది.

(ఈ మాట నాకు నచ్చింది. ప్రాంతాల్ని పోల్చేవాళ్లు ఎత్తులు ఏకరువు పెడతారే గానీ, ఆ ఎత్తులకీ బసకీ మధ్య దారి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు.)

తమ్ముడు: రెండో దారి సంగతి సరే, మొదటి దారేదీ? ఆ దీవిలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం పుయిగ్ మాజోర్. అదే 1,445 మీటర్లు. నువ్వు తొక్కే కనుమలు వెయ్యి మీటర్లు కూడా దాటవు. ఫ్రాన్స్‌లోని గాలిబియే కనుమ ముందు మోకాలెత్తు రావు.

అక్క: సముద్రమట్టం నుంచి కొలిచి మురిసిపోతే ఎలా? నువ్వు తొక్కి ఎక్కింది కొలువు. ఫ్రాన్స్‌లో గాలిబియే ఎత్తు 2,642 మీటర్లు. చాలామంది వల్వార్ ఊళ్లో బస చేసి అక్కణ్ణుంచి మొదలుపెడతారు. ఆ ఊరే 1,400 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే సగానికి పైగా నిన్ను కారు ఎక్కించింది.

తమ్ముడు: నేను అలా ఎక్కను. కింద సాఁ మిషెల్ నుంచి మొదలెట్టి, ముందు టెలిగ్రాఫ్ కనుమ ఎక్కి, వల్వార్‌లోకి దిగి, మళ్లీ గాలిబియే ఎక్కుతా. మొత్తం 2,100 మీటర్ల దాకా వస్తుంది. ఇప్పుడు చెప్పు.

అక్క: చెబుతా విను. నువ్వూ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుందాం. పెడల్ మీద ఆగకుండా 200 వాట్లు పెట్టగలవనుకుందాం. ఒక్క వెయ్యి మీటర్ల ఎత్తుకు, కేవలం బరువు మోయడానికే, 65 నిమిషాలు. నీ 2,100 మీటర్లకు రెండుంబావు గంటలు. గాలీ, టైర్ల రాపిడీ కలుపుకుంటే ఇంకా పైన. పైగా ఆ చివరి కిలోమీటర్లలో గాలి పీడనం కింద ఉన్నదాంట్లో నాలుగింట మూడు వంతులే. సరిగ్గా కాళ్లు అరిగిపోయిన చోట ఊపిరి కూడా కోత పడుతుంది. 200 వాట్లు పెడదామన్నా రావు.

తమ్ముడు: రాకూడదనే కదా వెళ్లేది! అందులో ఉన్న మజా అదే. ఫ్రాన్స్‌లో పేరున్న కనుమల మీద కిలోమీటరుకో బోర్డు ఉంటుంది. ఎంత ఎత్తులో ఉన్నావు, ఇంకా ఎంత దూరం, వచ్చే కిలోమీటరు సగటు వాలు ఎంత, అన్నీ రాసుంటాయి. సైకిలువాళ్ల కోసమే పెట్టిన బోర్డులవి.

అక్క: పది శాతం అని ముందే చదివి, ఏడు నిమిషాల్లో దాటగలిగితే అదృష్టం అనుకుంటూ తొక్కడం మజానా, శిక్షా?

తమ్ముడు: నువ్వు శిక్ష అనుకో. నాకైతే మిగిలిన దాన్ని లెక్కపెట్టుకోవడానికి తోడు. అసలు నువ్వు మర్చిపోతున్నదేంటంటే, ఆ రోడ్ల మీద ఏం జరిగిందో ఆ రోడ్లకి గుర్తుంది. ఆల్ప్స్‌లో ఆల్ప్ డ్యుయెజ్ ఎక్కుడు 21 మలుపుల్లో బోర్డుల మీద అక్కడ గెలిచినవాళ్ల పేర్లు రాస్తారు. 1952లో టూర్ ద ఫ్రాన్స్ పందెం మొదటిసారి అక్కడికి వచ్చినప్పుడు గెలిచింది ఫాస్టో కోపీ. పిరనీస్ కొండలకి పోతే టూర్మాలే కనుమ. 1913లో టూర్ రైడర్ ఉజేన్ క్రిస్టోఫ్ సైకిల్‌కి ఆ దిగుడులోనే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ విరిగింది. బయటివాళ్ల సాయం తీసుకోకూడదన్నది రూలు. సైకిల్ భుజాన వేసుకుని కిలోమీటర్ల కొద్దీ నడిచి, కింద సాంత్ మారీ ద కాంపాఁ ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర తనే ఇనుము కాల్చి, సాగ్గొట్టి ఫోర్క్ అతికించుకున్నాడు. పక్కన నిలబడి చూసిన అధికారులు, కొలిమి తిత్తి ఒక కుర్రాడు ఊదాడని దానికి కూడా జరిమానా సమయం కలిపారు! ఆ ఊళ్లోంచే నువ్వూ నేనూ ఎక్కేది. ఇంకే ఆటలో దొరుకుతుందక్కా ఇది? ప్రపంచ కప్పు ఫైనల్ ఆడిన పిచ్ మీద నిన్ను బ్యాటు పట్టుకుని నిలబడనిస్తారా?

(అక్క వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పుంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.)

అక్క: సరే, ఈ మాటకి విలువుంది. కానీ చరిత్ర ఒక్క కొండలకే రాసిపెట్టి లేదు. బెల్జియంలో ఫ్లాండర్స్ తీసుకో. 1913 నుంచి అక్కడ పందెం జరుగుతోంది. కోపెన్‌బెర్గ్ అని ఒక ఎక్కుడు ఉంది, మొత్తం కలిపి 600 మీటర్లు.

తమ్ముడు: ఎత్తా?

అక్క: పొడవు.

తమ్ముడు: కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది. 600 మీటర్ల పొడవు కోసం విమానం ఎక్కాలా?

అక్క: నవ్వు, నవ్వు. సగటు వాలు 11 శాతం పైన, గట్టి చోట 22 శాతం. దానికి తోడు రాళ్లు పరిచిన దారి, రెండు పక్కలా గట్లు, వాన పడితే రాళ్ల మీద జారుడు. సీటు మీదనుంచి లేచి తొక్కావా, వెనక చక్రం మీద బరువు తగ్గి గిర్రున తిరుగుతుంది. కూర్చునే ఉన్నావా, ముందు చక్రం లేస్తుంది. కాబట్టి సీటు అంచు మీద కూర్చుని, ఛాతీ హ్యాండిల్ మీదకి వంచి, చేతులు వదులుగా పట్టి తొక్కాలి. ముందువాడు కాలు కింద పెడితే వెనకున్న వందమందీ దిగాల్సిందే. చాంపియన్లు కూడా సైకిల్ నడిపించుకుంటూ పోయిన చోటది. 1987లో అక్కడ కిందపడ్డ డెన్మార్క్ రైడర్ యెస్పర్ స్కిబీ సైకిల్ మీదుగా నిర్వాహకుల కారే వెళ్లిపోయింది! తర్వాత చాలా ఏళ్లు ఆ కొండను పందెం నుంచే తీసేశారు. ఇక అలాంటివి అక్కడ ఒకటి కాదు, ఒక్క పూటలో పాటర్‌బెర్గ్, ఔడ్ క్వారెమాంట్ అన్నీ చుట్టేయొచ్చు. దారులకి నంబర్ల బోర్డులు, మ్యాపు లేకపోయినా నంబరు చూసుకుంటూ పోవచ్చు.

తమ్ముడు: ఎదురుగాలి, ముసురు, బురద. అవి చెప్పవేం?

అక్క: చెప్పాను కదా, నా ఓటు మయోర్కాకే అని! ఫ్లాండర్స్ ఎందుకు తెచ్చానంటే, కష్టం కావాలంటే ఎత్తే అక్కర్లేదని.

తమ్ముడు: అయితే ఎత్తు కావాలనుకునేవాణ్ణి ఆల్ప్స్ కూడా ఆపలేదు. తైవాన్‌లో వూలింగ్ ఉంది. సముద్రం ఒడ్డున మొదలెట్టి 105 కిలోమీటర్లు తొక్కితే 3,275 మీటర్లకు చేరతావు. కొలంబియాలో లెత్రాస్ ఎక్కుడు 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది, శిఖరం 3,600 మీటర్లు దాటుతుంది. అక్కడ భూమధ్యరేఖ దగ్గర్లోనే ఉంది కాబట్టి చలికాలం మంచుకి మూతపడటం అన్న మాటే లేదు.

అక్క: తైవాన్ దారి 2024 ఏప్రిల్ భూకంపానికి తారోకో లోయలో ఎలా దెబ్బతిందో చదివే ఉంటావు. ఒకే దారి మీద ఆధారపడితే అంతే, అది మూసుకున్న రోజు నీ సెలవూ మూతే. ఆల్ప్స్‌కీ అదే జబ్బు. 2019 టూర్‌లో ఏమైంది? జూలై నెల, నడివేసవి. ఇజెరాన్ కనుమ దాటాక కింద వడగళ్లు, కొండచరియలు. పందెం మధ్యలో ఆపేసి, కనుమ పైన తీసుకున్న సమయాలతోనే సరిపెట్టారు. మొత్తం పందెంలో ముందున్నవాడికి ఇచ్చే ఎల్లో జెర్సీ రైడర్ బెర్నాల్ చేతికి అలాగే వచ్చింది. వాళ్ల వెనక కార్లున్నాయి, దుప్పట్లున్నాయి. నీకెవరున్నారు?

తమ్ముడు: జాకెట్ జేబులో పెట్టుకుంటా.

అక్క: పెట్టుకో, మంచిదే. ప్రతి వెయ్యి మీటర్లకీ ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద లోయలో 25 ఉంటే స్టెల్వియో పైన పన్నెండో పదమూడో. చెమటతో తడిసిన బట్టలతో, గంటకి 50 దాకా వేగంతో, అరగంటకి పైగా దిగుతావు. వేళ్లు మొద్దుబారిపోతే బ్రేకు ఎంత నొక్కావో చేతికి తెలీదు. మలుపులు 48. దిగడం అంటే విశ్రాంతి అనుకునేవాళ్లే నాకు భయం. దూరపు కొండలు నునుపన్నారు, దగ్గరికెళ్తే మూడు స్వెటర్లు కావాలి.

తమ్ముడు: నీ దీవిలో మాత్రం ఏం తక్కువ ఉంది? సా కలోబ్రా అని ఒకటుంది కదా, 1932లో కట్టిన దారి, రోడ్డు తన మీంచి తనే వంతెన వేసుకుని చుట్టుకుని పోయేది. ముద్దుగానే ఉంటుంది, కాదనను. కానీ అది కింద సముద్రం దగ్గర ఆగిపోతుంది. ముందు తొమ్మిదిన్నర కిలోమీటర్లు దిగి, అదే ఏడు శాతం వాలు ఎక్కి వెనక్కి రావాలి. నీ రెండో దారి సిద్ధాంతం ఏమైంది అక్కడ? పొద్దెక్కితే టూరిస్టు బస్సులు. మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే యూరప్‌లో ఉన్న సైకిళ్లన్నీ అక్కడే!

అక్క: పొద్దున్నే వెళ్తే బస్సులుండవు. రద్దీ మాత్రం నిజమే. సైకిళ్ల రద్దీలో నాకు బాధేం లేదు, కార్లవాళ్లు అలవాటు పడతారు. పక్కనుంచి దాటేటప్పుడు మీటరున్నర ఎడం ఇవ్వాలని అక్కడ చట్టం.

తమ్ముడు: ఫ్రాన్స్‌లోనూ ఊళ్ల బయట అంతే. అందులో నీకు మార్కులు రావు. ఇటలీలో అయితే ఏకంగా కొన్ని రోజులు మోటారు బళ్లనే ఆపేస్తారు. డోలమైట్స్ కొండల్లో సెల్లా రోండా అని నాలుగు కనుమల చుట్టు, 50 కిలోమీటర్ల పైచిలుకు. ఆ రోజున రోడ్డంతా సైకిళ్లదే.

అక్క: మిగతా రోజుల్లో మోటారు సైకిళ్ల మోత వినిపిస్తుంది. అదీ చెప్పు. ఇంతకీ నువ్వు వెళ్లాలనుకునేది ఎప్పుడు?

తమ్ముడు: జూన్ మొదటి వారం.

అక్క: గాలిబియే మంచు తీసి తెరిచేది ఇంచుమించు అప్పుడే, ఒక్కోసారి ఇంకా ఆలస్యం. సెప్టెంబరుకు మార్చుకో, మంచు బెడద తక్కువ, రద్దీ తక్కువ.

తమ్ముడు: అంటే ఒప్పుకున్నట్టేనా?

అక్క: నెల మార్చుకోమన్నానే గానీ ఒప్పుకోలేదు. నీ బైకు ముందు పళ్లచక్రాల్లో, అదే చైన్‌రింగుల్లో, చిన్నదానికి ఎన్ని పళ్లు?

తమ్ముడు: 36.

అక్క: వెనక పెద్ద పళ్లచక్రం?

తమ్ముడు: 28.

అక్క: పది శాతం వాలులో 200 వాట్లకు గంటకి తొమ్మిది కిలోమీటర్లు కూడా రాదు. ఆ గేర్‌లో నిమిషానికి 54 తిప్పులే పడతాయి. రెండుంబావు గంటలు అలా నొక్కితే మోకాళ్లు నీతో మాట్లాడవు. ముందు 34, వెనక 34 వేయించు, 69 దాకా వస్తాయి. కనుమలు నీవి కాబట్టి ఖర్చూ నీదే. ఇక ఏ నెల, ఎవరి దారి అన్నది గేర్ మారాక మాట్లాడదాం.