జర్మన్‌కి తెలుగులోంచే వెళ్లండి

"నాకు ఇంగ్లీషే సరిగ్గా రాదు, ఇంక జర్మన్ ఏం వస్తుందన్నా?" జర్మనీలో నర్సు ఉద్యోగానికి వెళ్లాలనుకునే అమ్మాయిల నోట ఈ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది. వాళ్ల మీద కాదు, ఇంగ్లీషు గట్టిగా ఉంటేనే జర్మన్ వస్తుందని వాళ్ల బుర్రలకెక్కించినవాళ్ల మీద.

చలేస్తే జర్మన్లు "మీర్ ఇస్ట్ కాల్ట్" అంటారు. అచ్చం మనం "నాకు చలిగా ఉంది" అన్నట్టే. ఇంగ్లీషులో ఆలోచించినవాళ్లే "ఇఖ్ బిన్ కాల్ట్", అంటే "నేను చలి" అనేసి తప్పులో పడతారు. "దాస్ గెఫెల్ట్ మీర్" అన్నా అంతే, అది నాకు నచ్చింది. కారణం చెప్పేటప్పుడు క్రియ చివరికి పోతుంది: "వైల్ ఇఖ్ హోయ్టె నాఖ్ట్‌డీన్స్ట్ హాబె". నాకు ఈరోజు నైట్ డ్యూటీ ఉంది కాబట్టి. 'కాబట్టి' అనే ముక్క వాళ్లకి ముందొస్తుంది, మనకి వెనకొస్తుంది. 'ఉంది' మాత్రం ఇద్దరికీ ఆఖర్నే. ఇంగ్లీషు మీడియం పిల్లలు నెలల తరబడి తడబడే చోటు ఇదే. పుట్టినప్పట్నుంచీ క్రియ చివర పెట్టి మాట్లాడేవాళ్లకి ఇందులో భయపడాల్సిందేముంది?

లింగాల దగ్గర మాత్రం తెలుగు అక్కరకు రాదు. చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకలింగం. ఎందుకని అడిగి లాభం లేదు. డెర్ లోఫెల్, డీ గాబెల్, దాస్ మెస్సెర్ అని ముందున్న ముక్కతో కలిపే నోటికి ఎక్కించుకోవాలి. మాట ఒక్కటే రాసుకున్న నోటుబుక్కు తర్వాత ఎందుకూ పనికిరాదు.

సొంతంగా చదివేవాళ్లకి నేను చెప్పే టైమ్‌టేబుల్ చాలా చిన్నది. పొద్దున ఇరవై నిమిషాలు అట్టముక్కలు: ఒకవైపు తెలుగు, ఇంకోవైపు జర్మన్. తెలుగు చూసి జర్మన్ పైకి చెప్పాలి. ఒక డబ్బాలో అరలు చేసుకుని, వచ్చినవి తర్వాతి అరలోకి, రానివి మళ్లీ మొదటి అరలోకి. సెబాస్టియన్ లైట్నర్ అనే సైన్స్ జర్నలిస్టు 1972లో చెప్పిన పద్ధతే ఇది, చెప్పుల డబ్బా చాలు. ఫోన్లో చేస్తానంటే ఆంకీ అనే యాప్ ఉంది. బస్సులో జర్మనీ ప్రసార సంస్థ డాయిష్ వెల్లె వాళ్లు నెమ్మదిగా చదివే వార్తలు వినొచ్చు, కింద రాత కూడా ఉంటుంది. ఏ1, అంటే మొట్టమొదటి మెట్టులో ఉన్నవాళ్లకైతే అవి బరువే. వాళ్లు అక్కడే ఉచితంగా ఉన్న 'నికోస్ వేగ్' వీడియో పాఠాలు చూడండి, అవి మూడో మెట్టు బీ1 దాకా తీసుకెళ్తాయి. ఏది విన్నా ఒక నిమిషం ముక్క తీసుకుని, వాళ్లతోపాటే పైకి అనండి. పక్కసీటువాళ్లు చూస్తారా, చూడనివ్వండి. రాత్రికి ఆరోజు డ్యూటీ గురించి ఐదు వాక్యాలు రాయండి. పేషెంటుకి జ్వరం ఎంతుంది, ఏ మందు ఎప్పుడు ఇచ్చారు. రేపు అక్కడ వార్డులో మాట్లాడాల్సింది అదే కదా.

ఆదివారం ఆ వాక్యాలు ఎవరితోనైనా దిద్దించుకోవాలి. ఇది మానేస్తే మిగతాదంతా సగమే. తప్పు మన కంటికి కనపడదు, రోజూ రాసేకొద్దీ గట్టిపడుతుంది. సీనియరో, అక్కడ పనిచేస్తున్న అక్కో, ఎవరైనా సరే, మొహమాటపడకుండా అడగండి.

యాప్‌లో రోజులు లెక్కపెట్టుకుంటూ నొక్కుకుంటూ పోతే మాటలు గుర్తుపట్టడం వస్తుంది, మాట్లాడటం రాదు. గోథె ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం వేర్వేరు భాగాలు. ఒక్కోదానికీ 100కి 60 రావాలి, ఒకదాన్లో ఎక్కువొచ్చాయని ఇంకోదాన్లో వదిలేయరు. జర్మనీలో నర్సుగా గుర్తింపుకి మామూలుగా దాని పై మెట్టు బీ2 అడుగుతారు. కాబట్టి "మూడు నెలల్లో బీ2 గ్యారంటీ" అన్న ఫ్లెక్సీ చూసి అమ్మ గాజులు తాకట్టు పెట్టొద్దు, దయచేసి. నైట్ డ్యూటీలు చేసుకుంటూ సున్నా నుంచి మూడు నెలల్లో ఎవరికీ బీ2 రాదు.

నైట్ దిగిన పొద్దున పుస్తకం ముట్టుకోకండి. అట్టముక్కలు ఓ పది తిరగేసి పడుకోండి. ఏ1 మొదలుపెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే మీ ఐదు వాక్యాలు ఇక్కడే కింద రాయండి, ఆదివారం కూర్చుని దిద్దుతాను.