చేతికి మరక అంటకుండా చరిత్ర నేర్పడమెలా?

వేసవి సెలవులు రాగానే మ్యూజియాలకు పిల్లలు గుర్తొస్తారు. ఏడాది పొడవునా "ముట్టుకోరాదు" అన్న బోర్డు కింద నిలబెట్టిన పిల్లల్నే పిలిచి, రండి నాయనా, ఇవాళ ముట్టుకోండి అంటారు. ఈ మహత్కార్యం పేరు వర్క్‌షాప్. గంటలో కలంకారీ, పావుగంటలో బ్రాహ్మీ లిపి, మిగిలిన పావుగంటలో శాతవాహనుల నాణెం. ఆపైన సమోసా, సర్టిఫికెట్, గ్రూపు ఫొటో. ఏర్పాట్లలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఒక్కటే చిక్కు: ఇంత జాగ్రత్తగా చేసినా అక్కడక్కడా కొందరు పిల్లలు నిజంగానే ఏదో ఒకటి నేర్చుకుని పోతున్నారు. ఈ ప్రమాదాన్ని మొదట్లోనే తుంచడానికి కొన్ని సూచనలు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది కలంకారీ. పొరపాటున కూడా శ్రీకాళహస్తి పద్ధతి జోలికి పోకండి. అక్కడివాళ్లు నూలుగుడ్డను గంజి పోయేదాకా ఉతుకుతారు. కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో నానబెట్టి, పిండి, ఎండకు ఆరేస్తారు. నల్లరంగు కోసం తుప్పు పట్టిన ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు మగ్గబెడతారు. వెదురుపుల్లను సన్నగా చెక్కి, మొనకు కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. చుట్ట రంగును పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే మొనలోకి వదులుతుంది.

ఇప్పుడు జరిగే అనర్థం చూడండి. కుండలోని రంగు పల్చటి టీలా ఉంటుంది. పిల్ల ఆ టీతోనే గుడ్డమీద గీత గీస్తుంది. గీత తన కళ్లముందే నల్లబడుతుంది! ఇక ఊరుకుంటుందా? ఎందుకు నల్లబడిందంటుంది. కరక్కాయలో ఉన్న టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసిందమ్మా అని చెప్పాలి. కరక్కాయ పెట్టని గుడ్డమీద గీస్తే ఏమవుతుందంటుంది. తుప్పుమరకలా వెలవెలబోతుందని చెప్పాలి. మరి పాలెందుకంటుంది. పాలల్లోని కొవ్వు రంగును పాకనివ్వదని, ప్యాకెట్లో వచ్చే టోన్డ్ పాలు పోస్తే గీత అంచులు దాటి వెంట్రుకల పురుగులా తయారవుతుందని చెప్పాలి. చరిత్ర కార్యక్రమంలో మూడు ప్రశ్నలకే రసాయనశాస్త్రం బయటపడితే రేపు ఆడిట్‌లో ఏ పద్దు కింద చూపిస్తారు?

పైగా మూడు వారాల ముందు కుండ పెట్టాలంటే మూడు వారాల ముందే కార్యక్రమం ఖాయమవ్వాలి. మన సంప్రదాయంలో ముఖ్య అతిథి వచ్చేదీ రానిదీ తేలేది ముందురోజు రాత్రికి. కాబట్టి నెమలి బొమ్మ ముందే అచ్చేసిన చేతిరుమాళ్లు, బజార్లో దొరికే ఫాబ్రిక్ పెయింటు శ్రేష్ఠం. ఎరుపు ఎక్కడ వెయ్యాలో నంబరు వేసి ఉంచితే ఆలోచన అనే జాడ్యం కూడా దగ్గరికి రాదు.

బ్రాహ్మీ లిపి సంగతి. ఇది వినడానికే భయంగా ఉంటుంది కాబట్టి క్షేమమనుకుంటారు. కానే కాదు. అశోకుడి బ్రాహ్మిలో "క" అంటే కూడిక గుర్తు. "ఠ" అంటే సున్నా. ఆ సున్నాలో చుక్క పెడితే "థ". "ర" నిలువుగీత, "గ" బోర్లించిన గరాటు. అట్ట మీద రాసి చేతికిస్తే ఎనిమిదేళ్ల పిల్లాడు పది నిమిషాల్లో పక్కవాణ్ణి తిడుతూ చీటీ రాస్తాడు. జంటక్షరం వచ్చిందా, రెండో హల్లును కింద తగిలిస్తాడు. మన వత్తుల్లాగే ఉందే అని వాడికి వాడే కనిపెట్టేస్తాడు కూడా.

అసలు గండం వరుణ్ అనే పేరున్న పిల్లాడితో. ఆ బ్రాహ్మిలో పొల్లు లేదు. వాడు "వరుణ" అని రాసుకోవాల్సిందే. వాడు ఒప్పుకోడు. అప్పుడు, ఖర్మకాలి, వర్క్‌షాప్ నడిపే మనిషికి విషయం తెలిసి ఉంటే భట్టిప్రోలు ఎత్తుకుంటాడు. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ అక్కడి బౌద్ధ స్తూపంలో తవ్వి తీసిన ధాతుపేటికల (పవిత్ర అవశేషాలు దాచిన రాతిపెట్టెల) మీది రాతలో హల్లుకు పుట్టుకతో "అ"కారం ఉండదు. "అ" కావాలంటే విడిగా గీత తగిలించాలి. అంటే అశోకుడి దగ్గర ఇమడని వరుణ్ బాపట్ల జిల్లా భట్టిప్రోలులో హాయిగా ఇమిడిపోతాడు. ఈ సంగతి తెలిసిన పిల్లాడు ఆ రాతిపేటిక ముందు అరగంట కదలకుండా నిలబడతాడు. వెనక లైను ఆగిపోతుంది. అందుకే పేర్లన్నీ ముందే అచ్చు వేయించి పంచడం మేలు. తప్పులున్నా చదివేవాళ్లెవరు?

నాణేనికి వద్దాం. శాతవాహనుల ఓడ నాణెం అసలుది సీసం. పిల్లల చేతికి సీసం ఇవ్వకూడదు, అది విషం. ఈ మాట మాత్రం వెక్కిరింపు కాదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చాలు. పిసికిన బంకమట్టిని వేలెడు మందాన బిళ్ల చేసి, పుల్లతో రెండు తెరకొయ్యల ఓడను లోతుగా గీయించండి. చుట్టూ మట్టితోనే గట్టు కట్టించండి. ఒక గ్లాసు నీళ్లకు రెండు గ్లాసుల పొడి. పొడిని నీళ్లలో చల్లాలి. పొడిలో నీళ్లు పోశారా, ఉండలు కడుతుంది. గిలక్కొట్టారా, బుడగలొచ్చి రాజుగారి ఓడకు చిల్లులు పడతాయి. పది నిమిషాల్లో గడ్డకట్టినా అరగంట దాకా తీయకూడదు. గడ్డకట్టేటప్పుడు అది వేడెక్కుతుంది కాబట్టి, అరచేతి అచ్చు తీద్దామని ఏ ఉత్సాహవంతుడైనా పిల్లాడి చెయ్యి అందులో ముంచబోతే ముందు ఆ ఉత్సాహవంతుణ్ణి బయటికి పంపండి. చర్మం కాలుతుంది. మిగిలింది సింకులో పారబోస్తే పైపు రాయవుతుంది. ప్లంబరు బిల్లు కార్యక్రమం ఖర్చును దాటుతుంది.

అచ్చులో అక్షరాలు తిరగేసి చెక్కాలి. పిల్లలు మామూలుగా చెక్కుతారు, నాణెం మీద అద్దంలో చూసినట్టు తిరగబడి పడుతుంది. దానికి చీవాట్లు పెట్టే ముందు ఒక్కమాట. మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో ఒక పాత నాణెం దొరికింది, దానిమీది బ్రాహ్మీ రాత కుడినుంచి ఎడమకు ఉంది. దాన్ని చూపించి, బ్రాహ్మీ ఒకప్పుడు కుడినుంచే రాసేవారని బ్యూలర్ అంతటి పండితుడు వాదించాడు. అచ్చు చెక్కినవాడు తిప్పి చెక్కడం మరిచిపోయాడంతే అని తర్వాతివాళ్లు తేల్చారు. మీ నాలుగో తరగతి పిల్లది చేసిన తప్పుకు అంత పెద్ద చరిత్ర ఉంది. చెప్పకండి, నెత్తికెక్కుతుంది.

జనం లెక్క. చేత్తో చేయించాలంటే ఇద్దరు పెద్దవాళ్లకు ఇరవైమంది పిల్లలు మించకూడదు. ఇరవైమందితో ఫొటో ఏం నిండుతుంది? రెండొందలమందిని పిలవండి. అప్పుడు గుడ్డ ఒకరు, కుంచె ఒకరు, రంగు ఒకరు పట్టుకుంటారు, పనంతా తల్లులు చేస్తారు. తల్లుల పనితనం బాగుంటుంది కూడా. మొదటి బహుమతులు ఏటా వాళ్లకే వస్తున్నాయి.

"ముట్టుకోరాదు" బోర్డు మాత్రం తీయకండి. వేళ్ల చెమటలోని ఉప్పూ జిడ్డూ పల్నాటి సున్నపురాయి శిల్పాలకు పట్టేస్తాయని, వెయ్యిమంది తడిమితే పద్మం రేకులు అరిగిపోతాయని పిల్లలకు చెబితే అర్థమవుతుంది. అర్థమైతే వాళ్లే పక్కవాళ్లను ఆపడం మొదలుపెడతారు. అప్పుడు గార్డుకు ఏం పని?

ఇన్ని జాగ్రత్తలూ దాటి ఎవరైనా నిజం కరక్కాయ గుడ్డ, నిజం ఇనుపనీళ్లు పట్టుకొచ్చారనుకోండి, ఆ రోజు పిల్లల వేళ్లు నల్లబడతాయి. సబ్బుకు పోదు. రెండు మూడు రోజులుంటుంది. ముఖ్య అతిథి ఆ చేతికి సర్టిఫికెట్ ఇస్తుండగా ఫొటోలో మరక పడుతుంది. నిమ్మచెక్క రుద్దితే చాలావరకు వదులుతుంది. పులుపు ఆ నలుపును విరిచేస్తుంది. కాబట్టి వేదిక మెట్ల దగ్గర ఒక బల్ల, కోసిన నిమ్మచెక్కల పళ్లెం, తుడుచుకోవడానికి పాత తువ్వాలు ఉంచండి. నిమ్మచెక్క ఎందుకని మళ్లీ అడిగే పిల్లను లైనులో చివరికి పంపండి.